ఎడమ అంచు

"కత్తెర ఎక్కడ పెట్టావు?"

మూడోసారి అడిగాడు. మొదటిసారి అది ప్రశ్న. రెండోసారి అనుమానం. ఈసారి నేరారోపణ.

ఆమె స్టవ్ ముందు నిలబడి పాలగిన్నె వంక చూస్తోంది. పాలు పొంగడానికి ఇంకా చాలా సమయం ఉంది. అయినా చూపు తిప్పుకోలేదు.

"నిన్నే అడిగేది."

"ఎక్కడో పెట్టాను. గుర్తు రావడం లేదు."

"ఎక్కడో పెట్టే వస్తువా అది? ముప్పై ఏళ్ళలో దాని చోటు ఎప్పుడైనా మారిందా?"

మారలేదు. కుట్టుషాపులో ఉంటే కోత బల్లకి కుడి చివర, ఇంట్లో ఉంటే బీరువా పైఅరలో, మెత్తని గుడ్డ చుట్టుకుని. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆ కత్తెరతో ఓ కాగితం కోసింది. రెండు రోజులు మాట్లాడలేదు ఆయన. మూడోరోజున మాట్లాడిన మొదటి మాట, "దానికి మళ్ళీ పదును పెట్టించాను" అని.

అటువంటి కత్తెర నిన్న సాయంత్రం నుంచి దుప్పట్ల మడతల్లో పడుకుని ఉంది. అక్కడ దాచింది ఆమే.

గత్యంతరం లేక ఇటు తిరిగింది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తలకి కుడివైపున, మళ్ళీ మొలుస్తున్న జుట్టు కింద, ఆపరేషన్ కుట్ల గుర్తులు వంపు తిరిగి కనిపిస్తున్నాయి. కట్టు విప్పిన రోజు అద్దంలో వాటిని చూసుకుని, "డాక్టరు చేతికుట్టు వేశాడు. మన షాపు జిప్పుగాడికిచ్చి ఉంటే మిషను మీద నీటుగా లాగేవాడు" అన్నాడు. ఆ రోజు ఆస్పత్రి గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాలుగు నెలలు.

ఆయన కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నెరిసిన గడ్డం నెరిసినట్టే ఉంది. ముక్కు కింద ఎవరో హద్దు గీసినట్టు అక్కడికి ఆగిపోయింది.

రోజూ అయితే ఆమె, "ఉండండి, నురగ మిగిలిపోయింది" అని తువ్వాలుతో దగ్గరికి వచ్చి, రేజరు తీసుకుని, మాటల్లో పెట్టి రెండో చెంప కూడా గీసేది. ఇవాళ తెల్లవారడమే తగవుతో తెల్లవారింది. నురగ సంగతి మరిచిపోయింది.

"ఇవాళ వద్దండి. ఇంకో నెల ఆగుదాం."

"దేనికి?"

"ఒంట్లోకి కాస్త బలం రానివ్వండి."

"గుడ్డ కోయడానికి బలమెందుకు? రాళ్ళు కొట్టబోతున్నానా?"

"డాక్టరుగారు ఏమన్నారు? రోజూ ఎడమవైపు మెడ తిప్పి చూడటం అలవాటు చెయ్యాలన్నారా లేదా? పది రోజులైంది మీరు ఆ వ్యాయామం మానేసి."

"అది మొదట్లో మాట. ఇప్పుడు తగ్గింది."

"తగ్గిందని ఎవరు చెప్పారు?"

"నా పని చెప్తోంది." ఆయన గొంతులో కోపం కంటె గర్వం ఎక్కువ ఉంది. "మంచం దిగిన దగ్గర్నుంచి తొమ్మిది చొక్కాలు కోశాను. తొమ్మిదీ జిప్పు కుట్టాడు, షాపు అక్క కాజాలు తీసింది, మనుషులు వేసుకుని తిరుగుతున్నారు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి వచ్చిందా?"

ఆమె మళ్ళీ పాలగిన్నె వైపు తిరిగింది.

"బయటివాళ్ళకి నా చెయ్యి మీద నమ్మకం ఉంది. నా ఖర్మ, ఇంట్లోనే లేదు."

పాలు పొంగాయి. ఆమె స్టవ్ ఆపింది. ఒలికిన పాలు తుడవడానికి మసిగుడ్డ తీసింది. తుడవవలసినంత కన్నా ఎక్కువసేపు తుడిచింది.

ముందుగదిలో భోజనాల బల్ల మీద డ్రైవరుగారి గుడ్డ పరచి ఉంది. రైలింజన్లు నడిపి నడిపి రిటైరైన మనిషి ఆయన. ముప్పై ఏళ్ళుగా ఆయన ఒంటికి ఈ కోత మాస్టారి చెయ్యి తప్ప మరో చెయ్యి కోటు కోయలేదు. నాలుగు రోజుల క్రితం పరామర్శకు వచ్చినప్పుడు ఈ గుడ్డ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ముదురు బూడిదరంగు ఉన్ని. ఎప్పుడో ఆయన భార్య కొని, మంచి సందర్భం రావాలని దాచిందట. ఇప్పుడు ఆవిడ లేదు. దాన్ని నేసిన మిల్లూ లేదు. మూడుంబావు మీటర్లు. కోటుకి సరిగ్గా సరిపోతుంది. తప్పు జరిగితే దిద్దుకోవడానికి బెత్తెడు మిగలదు.

డ్రైవరుగారికి ఒక అలవాటు. తన గుడ్డలో కత్తెర మొదటిసారి కదిలేటప్పుడు పక్కన ఉండాలి. "కానీండి మాస్టారూ, పచ్చజెండా" అని తను అంటేనే కోత మొదలు. ఇవాళ పన్నెండింటికి వస్తానని కబురు చేశాడు.

"జిప్పు పదింటికి వస్తాడు. నీ కత్తెర నువ్వే ఉంచుకో. వాడి కత్తెరతో కోస్తాను" అని, ఆయన గుమ్మం దాటబోతూ ఎడమ భుజం తలుపు చెక్కకి కొట్టుకున్నాడు. తలుపు వైపు చూడలేదు. తనను ఎవరో తోసినట్టు ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయాడు.

ఆ భుజం మీద మచ్చలు ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలుసు. ఆయనకు తెలియదు.

కన్ను బాగానే ఉందని డాక్టరుగారు చెప్పారు. గడ్డ తీసిన చోట మెదడుకి ఎడమవైపు చూడాలన్న తలంపే పుట్టడం లేదు, అంతే అన్నారు. అంతే అన్న మాటను ఆమె నాలుగు నెలలుగా మోస్తోంది. చీకటి అయితే చీకటిగా ఉందని మనిషికి తెలుస్తుంది. ఆయన ఎడమన చీకటి లేదు. అసలు ఆ వైపే లేదు. లేనిదాన్ని వెతకమని ఎవరికి చెప్పగలం?

*

పదింటికి జిప్పు వచ్చాడు, వెనకే కాజాల అక్క.

షాపులో పెద్ద మిషను మీద కూర్చునే మనిషి జిప్పు. నోరు మూతపడదు కనుక ఆ పేరు. పూర్తి పేరు పాడైపోయిన జిప్పు అని మాస్టారు చెబుతుంటాడు. కాజాల అక్క అతనికి పూర్తిగా విరుద్ధం. ముక్కాలిపీట మీద కూర్చుని రోజంతా గుండీలకు కాజాలు తీస్తుంది. సూది పెదవుల మధ్య పెట్టుకునే అలవాటు వల్ల మాట్లాడే అవసరం తప్పిపోయింది.

"మాస్టారూ! ఏంటిది, పెళ్ళికొడుకులా ఉన్నారు!" అన్నాడు జిప్పు గుమ్మంలోంచే.

అని, ఎడమ చెంప చూశాడు. నవ్వు సగంలో ఆగబోయింది. అయినా ఆగనివ్వలేదు.

"వచ్చావట్రా. కత్తెర తెచ్చావా?"

"కత్తెర లేకుండా నేను బయటికొస్తానా? మీరు స్నానం కానివ్వండి. ఇంతలో చెల్లెమ్మ చేతి టీ తాగుతాం."

ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. నీళ్ళ చప్పుడు మొదలయ్యేదాకా వంటింట్లో ముగ్గురూ ఎవరి గ్లాసు వంక వాళ్ళు చూసుకున్నారు.

"చెప్పేశావా చెల్లెమ్మా?" జిప్పు గొంతు తగ్గించాడు.

"నేను చెప్పాలా? తొమ్మిదిసార్లు బ్రహ్మాండం అన్నది నేనా?"

"నేనే. కాదన్నానా?"

"మొదటి చొక్కా రోజునే చెప్పాల్సింది అన్నయ్యా."

"ఏమని చెప్పను? ఆ రోజు మనిషి ఎలా ఉన్నాడో నువ్వు చూడలేదా? గోడ వైపు తిరిగి పడుకుని, నేనింక ఎందుకూ పనికిరానని పిల్లాడిలా ఏడ్చాడు. సుద్ద చేతిలో పెట్టాను. లేచి కూర్చున్నాడు. గీశాడు. కోశాడు. గుడ్డ ఇటు బాగానే ఉంది, అటు చూస్తే నాలుగు వేళ్ళు తక్కువ. నా వంక చూశాడు చెల్లెమ్మా. ఆ చూపు నువ్వు చూడలేదు. బాగుంది మాస్టారూ అనేశాను. నోటికి వచ్చింది, అనేశాను."

"మరి రెండోది?"

"మొదటిది బాగుందన్నాక రెండోది బాగులేదని ఎలా అంటాం?"

తొమ్మిది చొక్కాలూ జిప్పు మళ్ళీ వేరే గుడ్డలో కోసి కుట్టాడు. కోత నేర్చుకున్నవాడు కాడు. మాస్టారిని పదిహేనేళ్ళు చూసి చూసి అబ్బిన కోత. ఎనిమిది రోజుల క్రితం ఆమె టేపు తిరిగి ఇవ్వడానికి షాపుకి వెళ్ళినప్పుడు అక్క ముక్కాలిపీట కింద ఒక సంచి కనిపించింది. విప్పితే అన్నీ ఆయన కోసిన ముక్కలే. ప్రతి ముక్కకీ కుడి అంచు కత్తిలా ఉంది. ఎడమ అంచు చేరకముందే గీత వంపు తిరిగి దిగిపోయింది, నడుస్తూ నడుస్తూ మనిషి దారిలో కూలబడినట్టు.

"ఇప్పుడేం చేద్దామని?" ఆమె అడిగింది.

జిప్పు తన సంచిలోంచి ఒక గుడ్డ తీశాడు. ముదురు బూడిదరంగు.

"ఊరంతా తిరిగాను. రంగు చూడు, అదే రంగు. మూడుంబావు. ఆయన స్నానం చేసి వచ్చేలోగా బల్ల మీద ఇది పరుస్తాం. డ్రైవరుగారి ముందు ఇది కోస్తారు. అసలుది తీసుకెళ్ళి నేను కోసి కుడతాను. డ్రైవరుగారికి కోటు కావాలి. మాస్టారికి ధైర్యం కావాలి. రెండూ దొరుకుతాయి."

"అంటే పదోది."

"ఆఖరిది చెల్లెమ్మా. ఒట్టు."

"మనకేం మిగులుతుందిరా?" అంది కాజాల అక్క.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. అక్క టీ గ్లాసు కింద పెట్టింది. ఒళ్ళో ఆ సంచి ఉంది. ఇవాళ దాన్ని వెంట తెచ్చుకుంది.

"ఇదెందుకు తెచ్చావక్కా?" జిప్పు ఉలిక్కిపడ్డాడు. "పారెయ్యమన్నాను కదా!"

"ఆయన కోసిన ముక్క పారెయ్యడానికి చెయ్యి రాలేదు." కొంచెం ఆగి, "ఎందుకు తెచ్చానో నాకూ తెలీదు" అంది.

ఆయన భార్యకు ఆ క్షణాన జిప్పు మీద చాలా కోపం వచ్చింది. చెప్పడానికి మాటలు కూడా నోటిదాకా వచ్చాయి. మీరు ధైర్యం ఇవ్వలేదు, ఆయన దగ్గరున్న వ్యాయామం కూడా లాగేసుకున్నారు, నయమైపోయిందని నమ్మిన మనిషి మందు ఎందుకు తాగుతాడు, అని.

కానీ అనలేదు. నిన్న భోజనం దగ్గర జరిగింది గుర్తొచ్చింది.

పళ్ళెంలో కుడి సగం తిని ఆయన చెయ్యి కడుక్కోబోయాడు. ఆమె "కాస్త పెరుగు వెయ్యనా" అంటూ, పళ్ళేన్ని మెల్లగా అటు నుంచి ఇటు తిప్పింది. ఆయన "ఇంకా ఉందే!" అని మళ్ళీ తిన్నాడు. ఇది నాలుగు నెలలుగా రోజుకి రెండుసార్లు జరుగుతోంది. జిప్పు లెక్క తొమ్మిది. తన లెక్క ఎంత? ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టింది, అందులో తప్పేముంది అని తనకు తను చెప్పుకుంది. జిప్పు కూడా తనకు తను సరిగ్గా ఇలాగే చెప్పుకుని ఉంటాడు.

ప్రేమకూ అలసటకూ మధ్య గీత ఎక్కడుందో ఆమె చాలా రోజులుగా చూడటం మానేసింది. నిజం చెబితే ఆయన ఏడుస్తాడు. ఏడిస్తే ఓదార్చాలి. ఓదార్చడానికి కావలసిన బలం తన దగ్గర లేదు. పళ్ళెం తిప్పడం తేలిక.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"చెల్లెమ్మా, త్వరగా. అసలుది ఎక్కడ పెట్టను?"

ఆమె కొంగున ఉన్న బీరువా తాళంచెవి తీసి ఇచ్చింది. అలా ఎందుకిచ్చానని తర్వాత చాలాసార్లు తనను తను అడుగుతుంది. ఆ క్షణంలో మాత్రం ఏమీ అడగలేదు.

"దుప్పట్ల మధ్య" అంది.

*

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎడమ చేతి గుండీ పెట్టుకోలేదు. టేపు మెడలో వేసుకున్నాడు. బల్ల ముందు నిలబడగానే నడుము నిటారుగా అయింది. జబ్బు పడకముందు షాపులో ఆయన నిలబడే తీరు అది.

జిప్పు వచ్చి ఆయన కుడివైపున నిలబడ్డాడు. అక్క ఆ పక్కన. భార్య ఆ వెనక. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా తెలియకుండానే కుడివైపుకి చేరడం నేర్చుకున్నారు. ఆ ఇల్లు నాలుగు నెలలుగా ఒక పక్కకి ఒరిగిన పడవలా ఉంది.

"సుద్ద."

జిప్పు అందించాడు.

"డ్రైవరుగారు వచ్చేలోగా గీత వరకూ పూర్తి చేద్దాం. కత్తెర ఆయన ముందు పెడదాం. ఏమంటావ్?"

"మీరెలా అంటే అలా మాస్టారూ. మీ గీత పడ్డాక దానికి తిరుగేముంది?"

"కాకా పట్టకు."

ఆయన ఎప్పటి లాగే పని మొదలుపెట్టాడు. అంటే గీత కన్నా ముందు, గుడ్డ మీద అరచెయ్యి పెట్టి కుడి నుంచి నెమ్మదిగా నిమిరాడు. షాపులో దీన్ని అందరూ 'పలకరింపు' అనేవాళ్ళు. గుడ్డని పలకరించకుండా మాస్టారు సుద్ద ముట్టడు.

చెయ్యి ఒక జానెడు వెళ్ళి ఆగింది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుని నలిపాడు. వదిలాడు. మళ్ళీ నలిపాడు. ఈసారి కళ్ళు మూసుకుని.

"ఇది ఆయన గుడ్డ కాదు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"అదే మాస్టారూ. కాస్త వెలుతురు తక్కువగా ఉండి..."

"నేను వెలుతురుతో పట్టుకున్నానట్రా? వేళ్ళతో పట్టుకున్నాను." ఆయన కళ్ళు తెరిచాడు. "ఆ గుడ్డని నలిపితే లేచి నిలబడుతుంది. ఇది నలిగి పడుకుంది. సగం ఉన్ని కూడా లేదిందులో. పొద్దున నేను పరిచిన గుడ్డ ఏదీ?"

వాళ్ళు చేసిన పొరపాటు అది. ఆయన దగ్గర ఏది పోయిందో దాన్నే నాలుగు నెలలుగా చూసి చూసి, ఏది మిగిలి ఉందో మరిచిపోయారు. ముప్పై ఏళ్ళు గుడ్డ ముట్టుకుని బతికిన చేతికి, రంగు కలిసిందని వేరే గుడ్డ అంటగట్టబోయారు.

"అడుగుతున్నాను. ఎందుకు మార్చారు?"

జిప్పు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకపోవడం మిగతా ముగ్గురూ మొదటిసారి చూశారు.

"నా చేతిలో అది పాడైపోతుందనా?"

"కాదు మాస్టారూ..."

"మరి తొమ్మిది చొక్కాలు బాగా వచ్చినప్పుడు కోటు ఎందుకు పాడవుతుంది?" ప్రశ్న అడగడంలోనే ఆయన ముఖం మారింది. "ఒరేయ్. ఆ చొక్కాలు ఎవరు వేసుకున్నారు?"

"వేసుకున్నారు మాస్టారూ... అంటే..."

"ఎవరు? పేర్లు వద్దు. కొలతలు చెప్పు. నేను కోసిన మూడో ముక్క అడుగు వెడల్పు ఎంత వచ్చింది?"

జిప్పు తల దించుకున్నాడు.

కాజాల అక్క ముందుకు వచ్చింది. సంచి తీసుకుని ఆయన కుడి చేతికి అందేటట్టు బల్ల మీద పెట్టింది. ముడి విప్పింది. ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి వచ్చింది.

ఆయన ఒక ముక్క తీశాడు. చూశాడు. చూసినంతసేపూ ఆయన ముఖంలో ఏమీ లేదు. చూపుకి అది మంచి ముక్కే. కుడి అంచు తిన్నగా, తన చేతి గీతలా ఉంది.

అప్పుడు ముక్కను బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని, వేలిని అంచు వెంట నడిపించాడు. మెడ దగ్గర నుంచి భుజం. భుజం నుంచి చంక. చంక నుంచి కిందికి. అడుగు అంచు వెంబడి ఎడమకి. వేలు వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి గుడ్డ దాటి బల్ల చెక్క మీద పడింది.

వేలిని వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపించాడు. మళ్ళీ చెక్క.

రెండో ముక్క. మూడో ముక్క. భార్య "చాలు ఆపండి" అంది. ఆయన ఆపలేదు. తొమ్మిదీ చూశాడు. ప్రతి దాంట్లోనూ వేలు ఒకేచోట జారిపడింది.

"తొమ్మిదిసార్లు బ్రహ్మాండం అన్నావు కదరా" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని జిప్పుకి అనిపించింది.

"మీరు లేచి కూర్చోవాలని మాస్టారూ. అంతే. నా పిల్లల మీదొట్టు, ఇంకే ఉద్దేశం లేదు. మీరు అలా గోడకి తిరిగి పడుకుంటే చూడలేకపోయాం."

"తెలుసు."

"కొట్టండి. చెప్పుతో కొట్టండి. అలా మెత్తగా మాట్లాడకండి."

"కొట్టడానికి నువ్వు ఏ పక్క నిలబడ్డావో తెలియాలి కదరా ముందు." ఎవరూ నవ్వలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "నా బాధ అది కాదు. చొక్కాలు పోతే పోయాయి. నాకు ఆ వైపు లేదు. లేదని కూడా నాకు తెలియదు. అలాంటివాడికి అద్దం ఏది? నువ్వే. మీరే. ఇప్పుడు చెప్పు. రేపు నేను నిజంగానే బాగా కోశాననుకో. బాగుంది మాస్టారూ అని నువ్వు అంటావు. నేను ఎలా నమ్మాలి?"

జిప్పు ముఖం చేతుల్లో కప్పుకున్నాడు.

ఆయన తల భార్య వైపు తిప్పాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళుగా?"

"ఎనిమిది రోజులు."

"కత్తెర అందుకే దాచావా?"

"ఊఁ."

"చెప్పొచ్చు కదా."

చెప్పొచ్చు. ఆ మాటకి జవాబు ఉంది, కానీ అది ఆయనకు చెప్పదగ్గ జవాబు కాదు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఏదో అనుమానం వచ్చినట్టు ఆయన చెయ్యి ఎత్తి ముఖం తడుముకున్నాడు. కుడి చెంప. గడ్డం. ఇంకా ముందుకి. వేళ్ళు ఎడమ చెంప మీద గరుకుగా ఆగిపోయాయి.

"ఇది కూడానా?"

"రోజూ నేను గీస్తాను. ఇవాళ మరిచిపోయాను."

"నురగ మిగిలిపోయింది అంటావే, అదా?"

"అదే."

"ఇంకా ఏమున్నాయి?"

ఆమె చెప్పింది. పళ్ళెం సంగతి చెప్పింది. చెప్పులు జత కలిపి కుడివైపు పెట్టడం చెప్పింది. పేపరు మడిచి ఇవ్వడం చెప్పింది. భుజం మీద మచ్చలు చెప్పింది. చెబుతుంటే ఒక్కొక్కటీ ఎంత చిన్నదో, అన్నీ కలిస్తే ఎంత పెద్దదో ఆమెకే మొదటిసారి వినిపించింది. మధ్యలో ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

ఆయన అంతా విన్నాడు. వేళ్ళతో గడ్డం రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"అయితే నేను నాలుగు నెలలుగా సగం ఇంట్లో ఉంటున్నాను. మిగతా సగం నువ్వొక్కదానివే మోస్తున్నావు."

ఆమె తల అడ్డంగా ఊపబోయి, ఊపలేదు. ఇవాళ్టికి అబద్ధాలు చాలు.

గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"మాస్టారూ, డ్రైవరుగారికి నేను ఫోన్ చేసి ఒంట్లో బాగులేదని చెప్తాను" అన్నాడు జిప్పు.

"ఇంకొకటా?"

జిప్పు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"అసలు గుడ్డ తీసుకురా" అన్నాడు ఆయన భార్యతో. "కత్తెర కూడా."

"కోస్తారా?"

"తెలీదు. సుద్ద గీతే కదా, దులిపితే పోతుంది. గీతదాకా చూడాలి. ఆ తర్వాత డ్రైవరుగారికి ఏం చెప్పాలో నాకే తెలీదు."

ఆమె దుప్పట్ల మధ్య నుంచి రెండూ తీసుకొచ్చింది. జిప్పు నకిలీ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. అసలు గుడ్డ బల్ల మీద పడగానే, దాని బరువుకి చిన్న గాలి లేచింది. ఆయన దాన్ని పలకరించాడు. ఈసారి చెయ్యి ఆగలేదు.

"నువ్వు ఇటు రా" అన్నాడు భార్యని.

ఆమె అలవాటుగా కుడివైపుకి వచ్చింది.

"ఇటు కాదు. నాకు కనిపించని వైపు నిలబడు. నువ్వు ఉన్నట్టు నాకు తెలియదు. నీ మాట వినిపిస్తే చాలు. నేను అడిగినదానికి ఉన్నది చెప్పు. బాగుంటే బాగుందను. లేకపోతే లేదను. ఇంకేమీ అనకు."

ఆమె బల్ల చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళింది. నాలుగు నెలల్లో ఆమె అక్కడ నిలబడటం అదే మొదలు. ఆయన చూపులోంచి తను మాయమైపోవడం ఆమెకు తెలిసింది. రోజూ ఆయనకు ఎంత భాగం ఇలా మాయమవుతోందో కూడా తెలిసింది.

ఆయన సుద్ద పెట్టాడు. వీపు భాగం అడుగు గీత కుడి నుంచి మొదలైంది. స్కేలు పెట్టినంత తిన్నగా గీత ఎడమకి నడిచింది. మెల్లగా. ఇంకా మెల్లగా. ఆగింది.

"అంచు వచ్చిందా?"

అంచు ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఎదురుగా జిప్పు పెదవులు వాటంతట అవే కదిలాయి. అక్క అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఆమె సుద్ద మొన నుంచి అంచుదాకా మరోసారి చూసింది.

"రాలేదు."

ఆయన తల ఎత్తలేదు. ఎడమ చెయ్యి తెచ్చి, గుడ్డ మీద తడుముతూ, మెడను బలవంతంగా ఇటు తిప్పడం మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు అంగుళం అంగుళం. నుదుటి మీద చెమట పట్టింది. సుద్ద ఒక వేలంత కదిలింది.

"ఇప్పుడు?"

"రాలేదు."

మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. తర్వాత బెల్లు మోగింది.

"మాస్టారూ! పచ్చజెండా ఊపడానికి వచ్చేశాను. మొదలుపెట్టలేదు కదా?" తలుపు అవతల డ్రైవరుగారి గొంతు ఉత్సాహంగా ఉంది.

తలుపు తీయడానికి ఎవరూ కదల్లేదు.

ఆయన ఆ పిలుపు విన్నట్టు లేదు. సుద్ద ఇంకో వేలంత కదిలింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. అంచుకి ఇంకా రెండు వేళ్ళు ఉంది.

"చెప్పు" అన్నాడు, తన చూపులో ఆమె లేని వైపుకి. "ఇప్పుడు?"